ఇరవై నాలుగు బెజ్జాల పళ్లెం

నా చిన్నప్పుడు ఒక మనిషి నా తల నిమిరి మెచ్చుకున్నాడు. నాకిప్పుడు అరవై దాటాయి. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా మేనమామ గురించి, ఆయన సొంతంగా చేసుకున్న ఒక తిరుగుడు సామాను గురించి చెప్పాలి.

మా వాళ్లంతా పెండ్లిమర్రి పక్కన గొర్రెలు మేపుకున్నవాళ్లు. ఆ ఇంట్లో పుట్టి ఇనుము పట్టిన మొదటి మనిషి మా మామ. ప్రొద్దుటూరులో ఆయనకు చిన్న లేత్ షాపు ఉండేది. మా ఇల్లూ ఆ వీధిలోనే కాబట్టి బడి వదలగానే నేను అక్కడే ఉండేదాన్ని. నూనె మిల్లుల్లో గేర్లు అరిగిపోతే మద్రాసు నుంచి తెప్పించుకోవాల్సిన రోజులవి. వాటిని ఇక్కడే, తన చేత్తో కోయాలని మామకు ఒకటే పట్టుదల. అందుకని ఇనుము చెక్కే పాత మిల్లింగ్ మిషను ఒకటి కొన్నాడు. అయితే గేరు కోయాలంటే ఇనుప బిళ్లను ప్రతి పంటికీ సరిగ్గా అంతే తిప్పి బిగించే సామాను ఇంకొకటి ఉండాలి. కంపెనీది కొనే తాహతు లేదు. తనే చేసుకుంటానన్నాడు.

మూలపడిన జీపు నుంచి చక్రం తిరిగే హబ్బును బేరింగులతో సహా ఊడదీసుకొచ్చాడు. దాని వెనక అన్నం పళ్లెమంత వెడల్పున మందపాటి ఇనుప బిళ్ల బిగించి, అంచు చుట్టూ ఇరవై నాలుగు బెజ్జాలు వేయాలి. ఒక బెజ్జంలో మేకు దింపితే హబ్బు కదలదు. ముందు వైపు బిగించిన గేరు బిళ్లకు ఒక పన్ను కోసి, మేకు తీసి, తర్వాతి బెజ్జం దాకా తిప్పి మళ్లీ దింపాలి. వినడానికి అంతే. కానీ బెజ్జాల మధ్య దూరాలన్నీ సమానంగా ఉండాలి.

అందుకు మామ దగ్గర ఒక ఉపాయం ఉంది. పళ్లెం అంచు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, చివరలు కలిసిన చోట కత్తిరించి, ఆ పట్టీని మొదట మూడు మడతలు, ఆ పైన మూడుసార్లు సగానికి మడవాలి. విప్పితే ఇరవై నాలుగు గళ్లు. నా వేళ్లు సన్నవని మడతలు పెట్టే పని నాకిచ్చాడు. నేను బట్టల కొట్ల ఊళ్లో పుట్టిన పిల్లను. కుట్టుకు మడత వదిలినట్టు ఒక వేలెడు కాగితం ఎక్కువ ఉంచి కత్తిరించాను. మామ చూసుకోకుండా దాని ప్రకారమే బెజ్జాలు వేశాడు. గేరు కోస్తే అన్ని పళ్లూ బాగానే వచ్చాయి, ఆఖరిది మాత్రం బక్కచిక్కి సగమే మిగిలింది.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "తప్పు యాడ చేసినా, చుట్టు తిరిగొచ్చినాక ఆఖరి పంటి కాడ బయటపడతాది పాపా" అన్నాడు. ఆ పళ్లేన్ని గోడకు తగిలించి ఇంకొకటి మొదలుపెట్టాడు. రెండోసారి నేను వెంట్రుకవాసి తేడా రాకుండా కత్తిరించాను. మొత్తం రెండు నెలల పని. ఆ పళ్లెంతో కోసిన మొదటి గేరును చేతిలోకి తీసుకుని నూనె మిల్లు ఆసామి అటూ ఇటూ తిప్పి చూసి, ఇంక మద్రాసు ఎందుకప్పా అన్నాడు. ఆ రోజు మామ అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

అవి ఓట్ల రోజులు. ఏ గోడ మీద ఏ గుర్తుందో చూసుకుని అంగడికి పోయేవాళ్లు. జమ్మలమడుగు వైపు పల్లెల్లో నరుక్కున్నారన్న కబురు రాని వారం ఉండేది కాదు. పులివెందుల బస్సులో పక్కవాడు ఏ పార్టీయో తెలియక నోరు విప్పేవాళ్లు కాదు. నరికేవాళ్లు సరే. వాళ్ల జీపు వీధిలోకి వస్తే అరుగుల మీద నుంచి లేచి, భుజం మీది తువ్వాలు నడుముకు చుట్టుకుని పళ్లికిలించే మా పెద్దమనుషులను చూస్తే నాకు ఇప్పటికీ రోత.

ఒక మధ్యాహ్నం అలాంటి జీపే మా మామ షాపు ముందు ఆగింది. ఒక పార్టీ పెద్దాయనకు కుడిభుజం లాంటి మనిషి దిగాడు. ఎవరూ కూర్చోని మిల్లింగ్ మిషను బల్ల మీద కూర్చున్నాడు. నములుతున్న వక్కాకు ఇనుప రజను పడే తట్టలో ఉమ్మాడు. తువ్వాలు విప్పి ఒక గుండ్రటి ఇనుప ముక్క బయటికి తీశాడు. దానికి చుట్టూ ఆరు బెజ్జాలు. పిస్తోలులో గుండ్లు పట్టేది అదేనని నాకు కూడా అర్థమైంది.

"సమానంగా తిప్పే మిషను చేసినావంట గదప్పా. ఇట్లాటివి కావల్ల మాకు" అన్నాడు.

మామ తొణకలేదు. ఇంకా కుదరలేదన్నాడు. చూపిస్తానంటూ గోడకున్న పళ్లెం దించి హబ్బుకు బిగించాడు. మంచి పళ్లేన్ని అంతకుముందే కాలితో బల్ల కిందికి నెట్టాడు, అది నేను చూశాను. ఒక చెక్క బిళ్ల పెట్టి, నాలుగు బెజ్జాలకొకసారి తిప్పుతూ చేతి డ్రిల్లుతో చుట్టూ ఆరు గుంతలు వేశాడు. ఆరోది మొదటి దాని పక్కకు జరిగిపోయింది. "ఏందిది, యాడికో పోయిందే" అన్నాడు ఆ మనిషి. "నా చేతనైంది ఇంతేనప్పా" అన్నాడు మామ. ఆ మనిషి విసుక్కుంటూ లేచాడు. అంతటితో పీడ వదిలేది.

కానీ నాకు రోషమొచ్చింది. సరిగ్గా చేసింది దాచిపెట్టి, నా తప్పును గోడ మీద నుంచి దించి మరీ బయటివాళ్లకు చూపిస్తాడా అని.

"మామా, అది నేను చెడగొట్టింది గదా. మంచిది బల్ల కింద ఉండాది" అన్నాను.

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. నవ్వాడు. దగ్గరికొచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "శానా తెలివిగల పాప" అన్నాడు. వక్కాకు వాసన, చెమట వాసన. ఇన్నేళ్లుగా నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ మాటకు నేను నవ్వాను.

మామ వంగి బల్ల కింద నుంచి మంచి పళ్లెం తీశాడు. బిగిస్తాడనుకున్నాను. ఇనుప దిమ్మె మీద పెట్టి సమ్మెట ఎత్తాడు. నాలుగు దెబ్బలకు అది వంకరపోయింది. దాన్ని ఆ మనిషి ముందు పడేసి, "ఇప్పుడు రెండూ ఒకటే" అన్నాడు. వాడు మళ్లీ ఆ తట్టలోనే ఉమ్మి, ఓట్లు అయిపోనీ, మాట్లాడుకుందామని చెప్పి పోయాడు.

మామ షాపు మూశాడు. తర్వాత నన్ను ఇంటికి తీసుకుపోయి, దీనికి తలంటు పోయమని అత్తకు చెప్పాడు. కుంకుడు నురగ కళ్లలో పడి ఏడుస్తుంటే పక్కన నిలబడి ఒకే మాట అడిగాడు.

"అబద్ధం ఆడింది నేను. నువ్వు నిజమే చెప్పినావులే. వాడు నవ్వితే నువ్వెందుకు నవ్వినావు?"



వారం తిరక్కుండా రెండో పార్టీవాళ్లు వచ్చారు. పూలదండ తెచ్చారు. వాళ్లకు చేయలేదంటే నువ్వు మనోడివే అన్నారు. మామ మెడలో దండ వేసి, ఆ తర్వాత గొంతు తగ్గించి, మనకు మాత్రం చేసిస్తావు గదా అన్నారు. మామ దండ తీసి దానితోనే చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. ఆ తర్వాత షాపుకు పని ఇవ్వడానికి అటువాళ్లూ రాలేదు, ఇటువాళ్లూ రాలేదు. నూనె మిల్లు ఆసామి కూడా ఎవరి కంట పడతానోనని, ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. మిల్లింగ్ మిషను తుక్కు కింద పోయింది. మా మామ బతికినన్నాళ్లూ లేత్ మీద బోల్టులు, నట్లే చేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివే మా మనవరాలు పోయిన సెలవులకొచ్చి, కంప్యూటరు చెప్పినట్టు చెక్కే చిన్న మిల్లింగ్ మిషను ఒకటి ఇంట్లో పెట్టింది. ఈసారి దానికి చెక్క దుంగను తిప్పే సామాను తనే చేసింది. మోటారు, బెల్టు, గొట్టం. దుంగ ఒక చుట్టు తిరిగొస్తే మొదలూ చివరా కలవడం లేదని తల పట్టుకుంటే, కాగితం పట్టీ చుట్టి ఎంత తేడా ఉందో నేనే చూపించాను. కంప్యూటరుకు ఏదో అంకె తప్పు చెప్పానని దిద్దుకుంది. దుంగ చుట్టూ నెమలి అందంగా వచ్చింది.

నిన్న మా వార్డు నాయకుడి మనిషి ఒకాయన వచ్చి అది చూశాడు. తమ పెద్దాయన తలను అలాగే చెక్కి ఇవ్వాలట, ఊరంతా పంచుతారట. బొమ్మలతో ఎవరి ప్రాణమూ పోదు, నాకు తెలుసు. పోతూ పోతూ ఆయన మా మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి, శానా తెలివిగల బిడ్డ అన్నాడు. అది నవ్వింది.

నేను లేచిపోయి పొయ్యి మీద నీళ్లు పెట్టాను.

"ఇప్పుడు నీళ్లెందుకవ్వా?" అంది.

"కుంకుడుకాయలు కొట్టుకరాపో. చెప్తా" అన్నాను.