అద్దం కట్టిన అబద్ధంతో కోటబొమ్మాళికి

అరవై ఎనిమిది మార్చిలో ఓ శనివారం పొద్దున్న ఆరున్నరకి, చంకలో అద్దం పటంతో విజయనగరంలో పాసింజరెక్కాను. మా కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన అప్పలనరసయ్య మాస్టారికి మర్నాడే సన్మానం. ఆహ్వానాలు పంచేశాం, శాలువా కొన్నాం. సన్మానపత్రం నకలు పంపిస్తే మాస్టారు "రాను" అని కార్డు రాసి ఊరుకున్నారు. ఆయన శిష్యుణ్ణి, ఇప్పుడు అక్కడే లెక్కలు చెబుతున్నవాణ్ణి, పైగా ఆ పత్రం రాసినవాణ్ణి కాబట్టి, ఆయన లేకుండా తిరిగి రావద్దని ప్రిన్సిపాలు నన్ను తోలారు. వట్టి కాగితం కాబట్టి ఆయన కంటికి ఆనలేదనుకుని ఆ పత్రానికి పటం కట్టించాను.

థర్డ్ క్లాసు టికెట్టు రెండు రూపాయల చిల్లర. నాకు చోటు దొరికింది గానీ పటానికి దొరకలేదు, ఒళ్లో పెట్టుకున్నాను. పొందూరులో నూలు మూటతో ఎక్కిన ముసలమ్మ, అద్దం పటం కనబడగానే దానికి దణ్ణం పెట్టి, "ఏ దేవుడు నాయనా?" అంది.

"దేవుడు కాదమ్మా, మా లెక్కల మాస్టారు."

"అయ్యో, ఎప్పుడు పోనారు?"

"పోలేదు, బాగానే ఉన్నారు."

"బతికున్నోడికి పటం కట్టీసినారేటి?" అని కాస్త ఎడంగా జరిగి కూర్చుంది.

ఆమదాలవలసలో ఇడ్లీ, టీ. ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ సంగతి అడక్కండి. పదింటికి కోటబొమ్మాళిలో దిగి మైలు నడిచాను.

మాస్టారు వాకిట్లో మినుములు ఆరబోస్తున్నారు. పటం అందుకుని నిలబడే చదివి, ఒక వాక్యం మీద వేలు పెట్టారు. 'జీవితంలో ఒక్క లెక్కా తప్పని మేధావి.'

"అద్దం ఏస్తే అబద్ధం నిజమైపోతాదేటిరా సూరీ?"

అప్పుడు చెప్పారు. పాతికేళ్ల వయసులో ఆయన మొదటి వ్యాసం విదేశీ పత్రికలో పడితే వీధి వీధంతా బెల్లం పంచారట. నాలుగేళ్లకి అందులో ఒక మెట్టు తప్పని ఆయనకే తెలిసింది. ఇంకెవరూ పట్టుకోలేదు. వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి పత్రికకి తనే ఉత్తరం రాశారు. ఆ కంత పూడ్చడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆయనకి పేరు తెచ్చిన పనంతా అందులోంచి పుట్టిందే.

"ఆ తప్పే నన్ను మాస్టార్ని సేసింది. దాన్ని తుడిసీసి నాకు శాలువా కప్పుతావా?"

నాకు సిగ్గేసింది. మేకులు పీకి అద్దం తీశాం. ఆయన ఆ వాక్యం కొట్టేసి పైన తన చేత్తో రాశారు: 'ఒక లెక్క తప్పాడు. తనే పట్టుకున్నాడు.' అద్దం మళ్లీ బిగించాం. అమ్మగారు వడ్డించిన వంకాయ కూర, పప్పు తిని మూడింటి బండెక్కాం. దారిలో నేను మళ్లీ మార్చేస్తానేమోనని పటం ఆయనే పట్టుకున్నారు.

రైల్లో ఉండబట్టలేక ఒప్పేసుకున్నాను. కిందటి వారం బోర్డు మీద నా తప్పు ఒకమ్మాయి చూపిస్తే, కూర్చోమని కసిరి డస్టరుతో తుడిచేశాను.

మాస్టారు నాకేసి తిరిగారు. "సోమవారం ఆ పిల్లని పిలిసి సుద్దముక్క సేతికియ్యి. నువ్వెల్లి ఆ పిల్ల బెంచీలో కూకో."

ఎదుటాయన పటం చూసి, "ఎవరిదండీ పాపం?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాదే. ఒక తప్పుంది, సదువు," అని మాస్టారు దాన్ని ఆయన ఒళ్లో పెట్టారు.

విజయనగరంలో దిగేసరికి ఆరున్నర. మాస్టారు వచ్చారు, మాట దక్కింది. ఆదివారం ఆయనకి సన్మానం. నా భయమంతా సోమవారం గురించే.