మామ దిగని బస్సు

‘ఆ రోజుల్లో’ అని నేను మొదలుపెడితే మా ఆయన నవ్వుతాడు. పెళ్లయి రెండేళ్లు నిండని మనిషికి ‘ఆ రోజులు’ ఎక్కడివని అతని అనుమానం. నాకు మాత్రం మా రిసెప్షన్ ఎప్పుడో జరిగిపోయిన సంగతిలాగే ఉంటుంది. ఆ రోజుల్లో నేను బరువైన లెహంగా ఎత్తిపట్టుకుని గబగబా నడవగలిగేదాన్ని. ఇప్పుడు చంకలో పిల్లను పెట్టుకుని మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికే ఆయాసపడుతున్నాను. ఆనాడు నాకున్న ఆశ ఒక్కటే. మా మేనమామ స్టేజీ మీద నా పక్కన నిలబడి ఒక ఫోటో దిగాలి. బాపు, అంటే మా నాన్న, పోయినప్పటి నుంచి గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసి నన్ను పెంచి చదివించింది ఆయనే. పెళ్లినాటికి సెలవు దొరకలేదు గానీ రిసెప్షన్‌కు మాత్రం అందుకున్నాడు. మేమిద్దరం కలిసి ఉన్న ఫోటో అంతవరకు ఒక్కటీ లేదు. (ఆయన ఇంట్లో ఉన్న కాలంలో మా దగ్గర ఫోన్లు లేవు, ఫోన్లు వచ్చేసరికి ఆయన ఇంట్లో లేడు.)

పెళ్లి పెద్దపల్లిలో, మా ఇంటి ముందు జరిగింది. రిసెప్షన్ ఇచ్చోడలో, మావారి ఊళ్లో. ఆడపిల్ల తరఫు వాళ్లు బస్సు కట్టుకుని వస్తున్నారంటే మగపెళ్లివారు ఊరి మొదట్లోనే ఎదురుపోవాలి. డప్పులు కొట్టించి, బొట్లు పెట్టి, మంచినీళ్లిచ్చి, పెద్దమనిషి మెడలో దండ వేసి తోలుకురావాలి. అలా పిలవకపోతే మావాళ్లు బస్సు దిగరు. మావారి బాపు ఇందులో ఏ లోటూ చేయలేదు. ఎండలోనే వచ్చి హైవే చౌరస్తాలో డప్పులతో నిలబడ్డాడు. మా డ్రైవరేమో ఫోన్ చూపించిన దారిని నమ్మి, చౌరస్తా ఊసే లేకుండా వెనక సందులోంచి తెచ్చి ఫంక్షన్ హాల్ గేటు ముందు ఆపాడు. అక్కడ మావాళ్లకు ఎదురొచ్చింది ఒక కూలర్ గాలి మాత్రమే. సరిగ్గా అప్పుడే చౌరస్తాలో పూలు కట్టిన బస్సొకటి కనిపించింది. మావారి బాపు దాన్ని ఆపించి, డప్పులు మోగించి, ముందు సీట్లో ఉన్న పెద్దాయనకు దండ వేసేశాడు. ఆయనా సంతోషంగా వేయించుకున్నాడు. సగం మంది ఆడవాళ్లకు బొట్లు పెట్టాక గానీ తెలియలేదు, అది మహారాష్ట్ర పోతున్న వేరే పెళ్లి బస్సని. దండ తిరిగి అడగడం మర్యాద కాదు కాబట్టి అది వాళ్లతోపాటే పోయింది.

ఈ కబురు మామ చెవిన పడింది. “నా దండ ఎవ్వలికో ఏసి పంపిండ్రా?” అని సీట్లో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడట. ఎదురొచ్చి పిలిస్తేనే దిగుతానన్నాడు. ఆయన దిగకుండా మేమెట్లా దిగుతామని మావాళ్లంతా ఆయన వెంటే ఉండిపోయారు. అటు మావారి బాపుకూ కోపం వచ్చింది. ఎండలో నిలబడ్డది తానైతే సందులోంచి దొంగల్లా వచ్చింది వాళ్లని, వాళ్లే చౌరస్తాకు రావాలని ఆయన పట్టు. అక్కడే చాయ్ హోటల్లో కూర్చున్నాడు. ఆయన లేకుండా ముందుకు రావడానికి వాళ్ల చుట్టాలకు ధైర్యం లేదు. అలా మా రిసెప్షన్ సగం బస్సులో, సగం హోటల్లో జరుగుతుంటే స్టేజీ మీద రెండు సింహాసనాలు, మేమిద్దరం, ఎదురుగా తెల్ల గుడ్డలు తొడిగిన ఖాళీ కుర్చీలు. ఫోటోగ్రాఫర్ మాత్రం నవ్వమంటూనే ఉన్నాడు. నాకు ఏడుపు వస్తోంది. (ఏడిస్తే కాటుక కారుతుందని మేకప్ ఆమె ముందే బెదిరించింది, అందుకని పైకి చూస్తూ ఏడ్చాను.)

చివరికి మా ఆయనే లేచాడు. ఇద్దరం స్టేజీ దిగి, గేటు దాటి, బస్సెక్కాం. మామ కిటికీ పక్కన, భుజాన దస్తీ వేసుకుని ఉన్నాడు. నన్ను చూడగానే పరేషానైపోయాడు, పెళ్లికూతురు స్టేజీ మీద ఉండాలి గానీ ఇక్కడికి రావడమేమిటని. జర దిగమని బతిమాలాను, ఫోటో కోసమన్నా రమ్మన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు గానీ కళ్లు మాత్రం నా చెవి కమ్మల మీదే ఉన్నాయి. అవి ఆయన తెచ్చినవే. మా ఆయనకు ఏం తోచిందో, దిగిపోయి బగారన్నం, మటన్ ప్లేట్లలో పెట్టుకుని వచ్చాడు.

“బస్సు మీదే గదా మామా, మీ బస్సుల మీరు తింటే మర్యాద యాడికి పోతది?” అన్నాడు.

మామ కాసేపు ఆలోచించాడు. ఈ మాటలో తప్పేమీ దొరకలేదు. పైగా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మొదటి ముద్ద కలిపి నా నోట్లో పెట్టి, ఆ తర్వాత తాను తిన్నాడు. ఆ వెనకే బస్సంతా తిన్నది. సంగతి తెలిసి మావారి బాపు గేటు దాకా వచ్చాడు, అంతకు మించి ఒక్క అడుగు వేయలేదు. అక్కడ నిలబడే ఐస్‌క్రీం పంపించాడు. కిటికీలోంచి మామ, గేట్లోంచి ఆయన, ఒకరినొకరు చూసుకున్నారు తప్ప మాట్లాడుకోలేదు. రాత్రి కాకముందే పెద్దపల్లి చేరాలని బస్సు వెళ్లిపోయింది. చెయ్యి పట్టి లాగితే దిగేవాడేమో. రేపు మా అత్తారింటికి వస్తాడు కదా, అప్పుడు దిగుదాంలే ఫోటో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. సెలవు మధ్యలోనే హైదరాబాద్ వెళ్లి విమానం ఎక్కేశాడు.

అప్పటి నుంచి మళ్లీ రాలేదు. నా బిడ్డను ఫోన్లోనే చూశాడు. మొన్న ఉన్నట్టుండి రిసెప్షన్ ఫోటో ఒకటి పంపమన్నాడు, గదిలో వాళ్లకు చూపిస్తాడట. ఆల్బమ్ ముందేసుకుని కూర్చున్నాను. ఆయనున్నది ఒక్కటీ లేదు. ఫోటోగ్రాఫర్ మా వెంట రాకుండా ఖాళీ సింహాసనాలను నాలుగు పక్కల నుంచీ తీసిపెట్టాడు మరి. అలాంటి ఒక ఫోటోలో, దూరంగా గేటు అవతల, బస్సు కిటికీ కనిపించింది. అందులో మూడు తలలు, ఒకదానికి నా పాపిటబిళ్ల ఉంది. గోరంత ఉన్నాయి. దాన్నే పంపాను. తర్వాత ఆయనే ఫోన్ చేశాడు.

“గా కిటికీల నడుమ ఉన్నది నేనే గదా బిడ్డా. మంచిగొచ్చింది. ఈసారి ఎవ్వలు ఎదురు రాకున్నా దిగుత. దండ గిండ ఏమద్దు. నువ్వు గా లెహంగా ఏసుకోని గేటు కాడ నిలబడు, సాలు.”

నిలబడతానన్నాను. ఆ లెహంగా ఇప్పుడు నా నడుముకు పట్టడం లేదని మాత్రం చెప్పలేకపోయాను.