లిఫ్టులో తూకం

ఆసుపత్రిలో అందరూ ఆమెను లిఫ్టమ్మ అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇనుప గదిలో స్టూలు మీద కూర్చుని రోగులను, మందుల బండ్లను ఐదంతస్తులకూ ఎక్కించి దించింది. కొత్త లిఫ్టులు వస్తున్నాయనీ, వాటికి మనిషి అక్కర్లేదనీ, ఇంటర్ పాసైతే మందుల స్టోరులో వేస్తామనీ ఆఫీసువాళ్ళు చెప్పేనాటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు.

భర్త దర్జీ. "కత్తెర పట్టిన కొత్తలో నేనెన్ని చొక్కాలు పాడుచేశానో నీకు తెలీదే. నువ్వూ నాలుగుసార్లు పరీక్ష తప్పు, ఏం పోయింది?" అన్నాడు.

ఆమె ఇంటర్ పరీక్షకు కట్టింది. మిగతా సబ్జెక్టులు ఎలాగోలా నెట్టుకొచ్చింది. ఫిజిక్సే కొరకరాని కొయ్య అయింది. ఒకనాడు పుస్తకంలో ఈ లెక్క ఎదురైంది: అరవై కిలోల మనిషి లిఫ్టులో తూకం యంత్రం మీద నిలబడ్డాడు. లిఫ్టు పైకి బయలుదేరి, సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం పెంచుకుంటోంది. యంత్రం ఎంత చూపుతుంది?

వెనక పేజీలో జవాబు అరవై ఆరు.

ఆమెకు ఒళ్ళు మండింది. "అరవై కిలోల మనిషి ఎక్కడ నిలబడ్డా అరవయ్యేనండీ! ఇది రాసినాయన జన్మలో లిఫ్టెక్కి ఉండడు."

"నీ దగ్గర లిఫ్టుంది కదా, చూసెయ్" అన్నాడు భర్త, సూదిలో దారం ఎక్కిస్తూ.

మర్నాడు మధ్యాహ్నం, రోగులను చూడవచ్చేవాళ్ళు వెళ్ళిపోయాక, వార్డులోని ముల్లు తూకం అడిగి తెచ్చుకుంది. వెంట వార్డు నర్సు కూడా వచ్చింది.

"ఏంటక్కా, సన్నబడదామనా?"

"ముల్లు చూడవే, మాట్లాడకు."

ఆగి ఉన్న లిఫ్టులో దాని మీద ఎక్కి నిలబడితే సరిగ్గా డెబ్బై. మీట నొక్కింది. ముల్లు ఎగిరి డెబ్బై ఏడు దగ్గర వణికింది. ఊపిరి తీసుకునేలోగా మళ్ళీ డెబ్బైకి వచ్చింది. రెండో అంతస్తు, మూడో అంతస్తు దాటుతున్నా డెబ్బయ్యే. ఐదో అంతస్తులో ఆగబోతుండగా అరవై మూడుకు జారి, ఆగాక డెబ్బై దగ్గర నిలిచింది.

బయలుదేరేటప్పుడు ఒంట్లో బరువెక్కడం, ఆగేటప్పుడు కడుపులో తేలినట్టుండటం ఆమెకు ఏనాడో అలవాటైపోయాయి. పైకి పోవడమే బరువనుకుంది. కాదు, వేగం మారడమే బరువు. ఒకే వేగంతో పోతున్నంతసేపూ ముల్లుకు పోతున్న సంగతే తెలియలేదు!

"ఆగేముందు ఏడు కిలోలు తగ్గావక్కా! ఇంక డాక్టరు చెప్పిన నడక మానెయ్యొచ్చు" అని నర్సు పకపకా నవ్వింది.

లిఫ్టమ్మ నవ్వలేదు. మళ్ళీ నొక్కింది. పదకొండుసార్లు తిరిగారు.

ఆ అంకెలతో తన లిఫ్టుకు తనే లెక్క కట్టింది. వారం తిరిగాక లిఫ్టు మెకానిక్ వస్తే అడిగింది.

"అన్నా, ఇది బయలుదేరేటప్పుడు సెకనుకు ఎంత వేగం పెంచుకుంటుంది?"

అతను సంచిలోంచి జిడ్డు పుస్తకం తీసి వెతికాడు. "ఒక మీటరమ్మా. ఎందుకు?"

ఆమె కాగితం చూపింది. సున్నా దశాంశం తొమ్మిది ఎనిమిది. మెకానిక్ కాగితం వంకా, పైకప్పు వంకా మార్చి మార్చి చూశాడు.

"మోటారు గది తలుపైనా తియ్యకుండా ఎలా కనుక్కున్నావమ్మా?"

"నా కాళ్ళ కిందే ఉందన్నా" అంది.

ఫిజిక్సు మొదటిసారే గట్టెక్కింది. ఇంగ్లీషు రెండుసార్లు తన్నేసింది. మూడోసారికి పాసై స్టోరుకు మారింది. అక్కడ మందుల బండి తోస్తూ ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. తోయగానే సీసాల్లోని సిరప్పు వెనక్కి వాలడం, ఆపగానే ముందుకు లేవడం చూసి, బండిని కాస్త వెనక్కి లాగి మళ్ళీ తోస్తుంది.