‘పోనీ’ అనని ఇల్లు

మెత్తకాలు అని డిపోలో ఆయనకు పేరు. ఆయన బ్రేకు వేస్తే వెనక సీట్లో కునుకు తీస్తున్నవాడికి మెలకువ కూడా రాదని, తోటి డ్రైవర్లు సగం మెచ్చుకోలుగా, సగం కుళ్ళుకుంటూ పెట్టిన పేరు. ఇంకా చాలా సర్వీసు ఉండగానే ఆయన ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడా మెత్తకాలు పొద్దున్నే చెప్పుల్లేకుండా బాల్కనీ గచ్చు మీద ఆని ఉంటోంది.

చూసేవాళ్ళకు ఆయన బతుకు హాయిగానే కనిపిస్తుంది. మంగలి దగ్గర తన వంతు వస్తే, “మీరు కానివ్వండి, నాకేం తొందర” అని పక్కవాడికి ఇచ్చేసి, చదివిన పేపరే మళ్ళీ చదువుకుంటాడు. కుండీలో పచ్చిమిరప మొక్కకు పువ్వు వస్తే పిలిచి మరీ భార్యకు చూపిస్తాడు. మధ్యాహ్నం ఫ్యాను కింద నడుం వాలిస్తే పక్కగదిలోంచి ఆవిడ కుట్టుమిషను చప్పుడు వస్తూ ఉంటుంది. నలుగురి బట్టలు కుట్టే చెయ్యి ఆవిడది. ఆ చప్పుడు వింటూనే ఆయనకు కన్ను అంటుకుంటుంది. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది ఎవరికైనా. కానీ ఆ ఇంట్లో ఒక మాట అనకూడదు.

ఆ మాట ‘పోనీ’.

తెలుగు పుట్టుక పుట్టినవాళ్ళు పోనీ అనకుండా ఒక్క పూట గడిపి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. బేరం కుదరకపోతే పోనీ, కోపం చల్లారితే పోనీ, గ్లాసు పగిలితే పోనీ, దారి చెప్పాలన్నా పోనీ. ఆ ఇంట్లో మాత్రం భార్య ‘సరేలే’తో నెట్టుకొస్తోంది. పక్కవీధిలో ఉండే ఆవిడ చెల్లెలు, అందరూ ముద్దుగా వాగుడుకాయ అని పిలిచే మనిషి, వచ్చిన ప్రతిసారీ నాలుక కరుచుకుంటుంది. “అయితే పో...” అని ఆగి, బావగారి మొహం చూసి, “పో... పోస్టేమైనా వచ్చిందా అక్కా?” అని తిప్పేస్తుంది. ఆ ఇంటికి పోస్టు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

సంగతేమిటంటే, డిపోలో కండక్టర్లంతా విజిల్ వేసేవాళ్ళు. ఈయన బండిలో కండక్టరు మాత్రం విజిల్ ఊదితే పళ్ళు జివ్వుమంటాయని, వెనక మెట్ల దగ్గర నుంచుని “పోనీ” అని కేకేసేవాడు. ఆ మాట చెవిన పడగానే ఈయన కాలు పెడలు మీద ఆనేది. మధ్యలో ఆలోచన ఉండేది కాదు. ఆ మాటకూ ఈ కాలికీ పెళ్ళయిపోయిందని ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు స్టాపులో బస్సు ఆగి ఉండగా, ముందు సీట్లో ఒక తల్లి, కిటికీ పక్కన కూర్చుంటానని మారాం చేస్తున్న కూతుర్ని బతిమాలి బతిమాలి విసిగిపోయింది. “పోనీ, ఇటు రా” అనబోయింది. మొదటి మాటకే బస్సు కదిలింది. ఆడగొంతో మగగొంతో కాలికేం తెలుసు. వెనక మెట్టు మీద నుంచి దిగుతున్న ఒక పెద్దాయన ఒక కాలు నేల మీద పెట్టి, రెండోది ఇంకా తీయలేదు. కిందపడ్డాడు. తుంటి విరిగింది. తర్వాత కోలుకున్నాడు, చేతికర్రతో నడుస్తున్నాడు కూడా. ఆఫీసువాళ్ళు విచారించి కండక్టరును మందలించి, డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. వాళ్ళు తేల్చినంత మాత్రాన ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేకపోయాడు. ఆ వారమే ఉద్యోగానికి దణ్ణం పెట్టేశాడు. ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు, బస్సెక్కలేదు. ఎంత దూరమైనా నడకే.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆయన బస్సుకు చివరి స్టాపు ఊరి చివర కొండమీద. అక్కడొక టీకొట్టు, కొట్టు ముందు ఒక చెక్కబల్ల. బండి తిప్పుకునేలోపు నిలబడే టీ గుటకేసి, నాలుక కాల్చుకుని, మళ్ళీ సీటెక్కడమే అన్నేళ్ళూ. “రిటైరయ్యాక నిన్ను తీసుకొస్తా. ఆ బల్ల మీద కూర్చుని, టీ చల్లారేదాకా తాగుదాం” అని భార్యకు ఎన్నిసార్లు చెప్పాడో. రిటైరవకముందే ఇంట్లో కూర్చున్నాడు. కొండ అక్కడే ఉంది, బల్లా అక్కడే ఉంది. ఆవిడ మోకాళ్ళకు కొండ నడిచెక్కే ఓపిక లేదు. ఒంటరిగా బస్సులో వెళ్ళి తాగొచ్చే టీ ఆవిడకు అక్కర్లేదు.

చాలాకాలం ఆవిడ నోరెత్తలేదు. ఒకరోజు పాత చిన్నకారు ఒకటి తెచ్చి గుమ్మం ముందు పెట్టించింది.

“మీరు నడపొద్దు. నేను నేర్చుకుంటా. పక్కన కూర్చుని చెప్పండి చాలు” అంది.

కూర్చున్నాడు. అదే పెద్ద గొడవైపోయింది. మెత్తకాలు అన్న పేరున్న మనిషి, పక్క సీట్లో ముల్లు గుచ్చుకున్నట్టు ఎగిరెగిరి పడేవాడు. కుక్క కనపడితే “ఆపు”. ఆకు ఎగిరితే “ఆపు”. ఎడంచెయ్యి డాష్‌బోర్డు మీద, కుడిచెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద. చక్కగా వెళ్తున్న బండిని ఆయనే లాగి ఆపేసేవాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి.

చివరికి ఆయనే అన్నాడు. “ఈ సాయంత్రం కొండ ఎక్కుదాం. ఎక్కలేకపోతే కారు అమ్మేద్దాం. ఇక ఆ టీ ఊసెత్తొద్దు. నావల్ల కావట్లేదు.”

ఆవిడ మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టింది. “సరే” అంది. కారు పోతే పోయింది. ఈ మనిషి ఇక ఆ బాల్కనీ దాటడని ఆవిడ భయం.

టీ అనగానే వాగుడుకాయ కూడా తయారై వెనక సీటెక్కింది. వద్దంటే అలుగుతుంది. ఎక్కేముందు అక్క వేలు చూపించి బెదిరించింది. చెల్లెలు రెండు పెదాలూ వేళ్ళతో నొక్కి చూపించింది.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కొండ మొదలైన దగ్గర్నుంచీ ఆయన చెయ్యి హ్యాండ్‌బ్రేకును వదల్లేదు. ఎదురుగా బస్సు వస్తే కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ మాత్రం ముక్కు మీద చెమట తుడుచుకోకుండా, పళ్ళు బిగించి నడుపుతోంది.

సగం ఎక్కాక మలుపులో ఒక ముసలామె చేతికర్ర పొడుచుకుంటూ రోడ్డు దాటడం మొదలుపెట్టింది. ఆవిడ ఎత్తు మీదే కారాపింది. వెనక ఒక లారీ వచ్చి, అద్దం నిండా అదే కనపడేంత దగ్గరగా ఆగింది. హారను మొదలైంది. ముసలామె నడిరోడ్డు మీద ఆగి, ఊపిరి తీసుకుంటోంది. కర్ర చూడగానే ఆయనకు ఆ రోజు బస్సు మెట్టు మీంచి పడ్డ పెద్దాయనే కళ్ళముందు కనిపించాడు.

లారీ మళ్ళీ హారను కొట్టింది. వెనక సీట్లో వాగుడుకాయకు పైప్రాణాలు పైనే పోతున్నాయి.

“అక్కా, వాడు గుద్దేసేలా ఉన్నాడు. పోనీ, మనం దిగి...”

దబ్బున చప్పుడైంది. మరదలు నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. ఆయన కుడికాలు ఎదురుగా ఉన్న ఉత్త మ్యాటును బలంగా తొక్కి, అక్కడే ఉండిపోయింది. పెడలు లేదు కాబట్టి సరిపోయింది. కారు మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు.

ఆవిడ తల తిప్పలేదు. “ఏమైంది?” అంది.

“నీకు వినపడలేదా?” అన్నాడు ఆయన.

“ఏది?”

“మీ చెల్లెలు... ఆ మాట అంది.”

“అనే ఉంటుంది. దాని నోరు ఊరుకుంటుందా. నేను మిషను తొక్కుతుంటే నెత్తి మీద నలుగురు కూర్చుని వాగుతారండీ. వాళ్ళ మాటలకు కాలాడిస్తే సూది నా వేల్లో దిగుతుంది. కుట్టేటప్పుడు నేను గుడ్డనే చూస్తా. ఇప్పుడు ఆ ముసలమ్మను చూస్తున్నా.”

ఆయన తన కాలికేసి చూసుకున్నాడు. ఇంకా తొక్కే ఉంది. ఆవిడ కాలికేసి చూశాడు. బ్రేకు మీద నిబ్బరంగా ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడ కాలు కూడా తన కాలిలాగే తనంతట తానే కదిలిపోతుందనుకుని హడలి చచ్చాడు. ఆ సంగతి తెలిసేసరికి ఆయనకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ముసలామె అవతలి గట్టు చేరింది. లారీ హారను ఆగకుండా మోగుతోంది. అయినా ఆవిడ కారు తీయలేదు.

“మీ వైపు చూడండి. ఎవరైనా వస్తున్నారా?”

ఆయన అద్దం దించి, తల బయటపెట్టి ముందుకూ వెనక్కూ చూశాడు. అనుమానం తీరక మళ్ళీ చూశాడు. “ఎవరూ లేరు.”

“అయితే చెప్పండి.”

“ఏమని?”

“బండి తీయమని ఎలా చెప్తారో అలా చెప్పండి. మీరు చెప్తే గానీ కదలను. ఆ లారీవాణ్ణి ఎంతసేపైనా మోగించుకోనివ్వండి.”

ఆయన ముసలామె చేరిన గట్టు వైపు మరోసారి చూశాడు. లారీవాడు తల బయటపెట్టి ఏదో తిడుతున్నాడు.

“పోనీ” అన్నాడు ఆయన, తనకే వినపడనంత చిన్నగా.

కారు కుదుపుతో ముందుకు ఉరికి, దగ్గి, ఆగిపోయింది. జానెడు వెనక్కి జారింది. ఆయన చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదికి ఎగరబోయింది. దాన్ని ఆయనే ఇంకో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతలో ఆవిడే బ్రేకు తొక్కి, మళ్ళీ తాళం తిప్పింది.

“ఇంకోసారి చెప్పండి. ఈసారి గట్టిగా.”

“పోనీ.”

కారు ఎక్కింది. మలుపు దాటింది. దాటాక మరదలు, “అయితే బావగారూ, ఇక నేను కూడా అనొచ్చా?” అంది. ఆయన ముక్కు తుడుచుకుంటూ తలూపాడు. దొరికిందే సందని మరదలు కొండెక్కేదాకా ప్రతి మాటకీ ముందొక పోనీ తగిలించింది.

చెక్కబల్ల అలాగే ఉంది, ఒక కాలు మాత్రం కాస్త ఊగుతోంది. ఆవిడ ఆయన పక్కన కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కింద ఊరంతా చూసింది. ఆయన టీ నోటి దాకా తెచ్చుకునేసరికి బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. ఆయన గ్లాసు దించాడు. జనం దిగుతున్నారు. చివర్లో ఒక పెద్దాయన మెట్టు మీద నుంచి ఒక కాలు నేల మీద పెట్టాడు. కాసేపాగి, రెండో కాలూ పెట్టాడు. కండక్టరు విజిల్ వేశాడు.

అప్పుడు ఆయన టీ తాగాడు. చల్లారిపోయింది. “బాగుంది కదూ” అన్నాడు భార్యతో.