వంతెన మామయ్య

మా అమ్మ తమ్ముణ్ణి మెకానిక్కులందరూ ‘వంతెన’ అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది ఊరే అయినా, పెట్టించింది మా నాన్న.

అప్పటికి నేను పుట్టలేదు. మామయ్య నాన్న షెడ్డులో పనిచేసేవాడు. ఒక మిల్లు యజమాని తన తాతల నాటి కారు తెచ్చి నాన్నకు అప్పగించాడు. పాత కార్ల ఊరేగింపులో దాన్ని నడపాలని ఆయన సరదా. ఏళ్ల తరబడి కదలని బండి కావడంతో పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పొలుసులుగా లేచింది. మామయ్య ట్యాంకు దించి కడిగాడు. కడిగాక అడుగున సూదిమొనంత చిల్లు బయటపడింది. దానికి అతుకు వేయాలి, ఇంకొంచెం వ్యవధి కావాలి అన్నాడు. నాన్నకు తొందర. మామయ్య భోజనానికి వెళ్లినప్పుడు ట్యాంకులో పూత మందు పోసేశాడు. లోపలి గోడకు అంటుకుని చిల్లును మూసే మందు అది. గోడ ఎండి ఉంటేనే పట్టుకుంటుంది. తడి మీద పోస్తే పాల మీద మీగడలాగా పైపైనే ఉంటుంది. మామయ్య తిరిగొచ్చి “తడి ఆరలేదు బావా, ఇది ఊడొస్తుంది” అన్నాడు. నాన్న విననట్టు మూత బిగించాడు.

ఊరేగింపు రోజున బండి చదును రోడ్డు మీద బాగానే నడిచింది. ఏటి మీది వంతెన ఎక్కుతూ దగ్గి ఆగిపోయింది. కాసేపు ఊరుకుంటే మళ్లీ స్టార్టయ్యేది, నాలుగు బారలు పోయి మళ్లీ ఆగేది. ఎండలో వెనక బళ్లన్నీ నిలిచిపోయాయి. చివరికి గొట్టం ఊడదీస్తే దాని మూతికి చెత్త అడ్డం పడి ఉంది.

“ట్యాంకు కడిగిందెవడు?” అని యజమాని అరిచాడు.

“నేనేనండి” అన్నాడు మామయ్య. అది నిజమే. ఆ తర్వాతి మాట నాన్న చెప్పాలి. నాన్న వంగి ఫ్యాను బెల్టు బిగువు చూస్తున్నాడు.

యజమాని నలుగురిలో మామయ్యను నానా మాటలు అన్నాడు. మర్నాడు పాత కార్ల వాళ్లందరికీ సంగతి తెలిసింది. “ఆ వంతెన మీద బండి ఆపినవాడా? వాడొద్దు” అన్నారు. నెల తిరక్కుండా మామయ్య నాన్న షెడ్డు వదిలిపెట్టాడు. నాన్న పొమ్మన్నాడో, తనే పోయాడో ఇద్దరూ చెప్పరు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు మామయ్యా?” అని ఒకసారి అడిగాను.

“సాయంత్రానికి మీ నాన్నే చెప్తాడనుకున్నా అల్లుడూ. సాయంత్రమయ్యాక పొద్దున చెప్తాడులే అనుకున్నా. అలా అనుకుంటుండగానే నువ్వు పుట్టావు, నీకు మీసాలు కూడా వచ్చాయి.”

మంచివాళ్లు ఓర్చుకుంటారని పుస్తకాల్లో రాస్తారు. అలా రాసినవాళ్లను ఎవరూ నడి వంతెన మీద నిలబెట్టి తిట్టి ఉండరు. మామయ్య ఓర్చుకోలేదు. ఎదురుచూశాడు. రెండూ ఒకటి కావు.

టైర్ల కొట్ల వెనక ఆయనకు ఒక రేకుల గది ఉంది. గోడ నిండా మేకులు, మేకులకు స్కూటర్ల ట్యాంకులు తలకిందులుగా వేలాడుతుంటాయి. కార్లు పోయాక ఆయనకు దక్కినవి అవే. గదిలో వెనిగర్ వాసన, పెట్రోలు వాసన, వాటి వెనక ఎప్పటిదో మాడిన టీ వాసన. ఒకప్పుడు ట్యాంకులో పెట్రోలు ఆవిరి పూర్తిగా పోకముందే అతుకు మంట దగ్గరికి తెచ్చి కుడి కనుబొమ పోగొట్టుకున్నాడు. అది మళ్లీ మొలవలేదు. అందుకే ఆయన మామూలుగా చూసినా ఏదో అనుమానంగా అడుగుతున్నట్టే ఉంటుంది.

వినయం అనేది ఆయన గుమ్మం తొక్కలేదు. “ఈ ఊళ్లో ట్యాంకు లోపలికి చూడడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లంతా మూత చూసి బేరమాడేవాళ్లు” అనేవాడు. పక్క కొట్టు టైర్లతను “అవునవును, వంతెనకు తెలియని ట్యాంకు లేదు, ఎక్కించలేని వంతెన ఒకటుంది” అని ఎకసెక్కం ఆడేవాడు. మామయ్య కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

కిందటేడు ఆ కారు మళ్లీ నాన్న షెడ్డుకు వచ్చింది. యజమాని పోయాడు. ఆయన కూతురు తెచ్చింది. వాళ్లమ్మకు పెద్ద వయసు. ఆ కారులో ఒక్కసారి ఏరు దాటి తోట దాకా వెళ్లి రావాలని కోరుకుంటోందట. నాన్న బండి తుడిచాడు, బ్యాటరీ మార్చాడు, ట్యాంకు మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేశాడు. అన్నం దగ్గర అమ్మతో “మీ తమ్ముడు తప్ప ఇది ఎవడి వల్లా కాదు” అన్నాడు.

“అయితే వెళ్లి అడుగు” అంది అమ్మ.

“వీణ్ణి పంపుతాను.”

“నీ నోటికేమైంది?” అంది అమ్మ. పప్పు గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టింది.

అయినా నన్నే పంపాడు. మామయ్య నా మాట విని, చేతిలో పని ఆపకుండా “మీ నాన్నకి కాళ్లు అరిగిపోతాయా?” అన్నాడు. మర్నాడు నాన్న వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి రేకుల వంక, మేకుల వంక చూశాడు.

“చేస్తాను బావా. నేను సరేనన్నదాకా ట్యాంకు మీద ఇంకో చెయ్యి పడకూడదు. బండి తయారయ్యాక మొదటిసారి వంతెన మీదికి నువ్వే నడపాలి. నేను పక్కన కూర్చుంటాను.”

నాన్న ముఖం వాడిపోయింది. “దానికేముంది” అన్నాడు.

ఆయన వెళ్లాక నేను ఆగలేకపోయాను. “ఇన్నాళ్లకు దొరికాడు. ఆ కూతురికి నేను చెప్పేస్తాను, జరిగిందంతా.”

“నువ్వు చెప్తే అది నీ మాటవుతుంది. నీ మాటలు నాకు రోజూ ఉచితంగానే దొరుకుతున్నాయి” అన్నాడు మామయ్య. “మీ నాన్న నోటితో వినాలి. చెప్తాడో చెప్పడో చూస్తాను. చెప్పకపోతే చెప్పలేదు అని తెలుస్తుంది. అదైనా తెలియాలి కదరా.”

నేను పనిలో సాయం పట్టాను. మొదట పాత పెట్రోలు వంపాం. టీ డికాక్షన్ రంగులో ఉంది, వార్నిష్ కంపు. సబ్బు వేసిన వేడినీళ్లతో కడిగి, మళ్లీ కడిగి, వాసన పోయిందో లేదో మామయ్య ముక్కు పెట్టి చూశాడు. తర్వాత ఒక సైకిలు గొలుసు లోపలికి వదిలాడు. కొందరు నట్లు, గులకరాళ్లు వేస్తారు. అందులో ఒకటి లోపలే నక్కి కూర్చుంటుంది. గొలుసుకు తీగ కట్టి ఒక కొస చేతిలో ఉంచుకుంటే మొత్తంగా బయటికి వస్తుంది. ట్యాంకును పాత బొంతలో చుట్టి ఇద్దరం నేల మీద అటూ ఇటూ దొర్లించాం. పసివాణ్ణి ఊపినట్టు ఊపమనేవాడు. నేను విసుగ్గా ఊపితే “పక్కింటివాడి పిల్లాడా అది?” అని తిట్టేవాడు.

నీళ్లు వంపినప్పుడు తుప్పుతోపాటు తోలు ముక్కల్లాంటివి వచ్చాయి. మెత్తగా, బూడిద రంగులో, ఒకటి అరచెయ్యంత ఉంది. ఆ పూత మందే. ఇన్నేళ్లూ గోడ వదిలేసి లోపల వేలాడుతూ ఉంది. మామయ్య వాటిని తెల్ల పళ్లెంలో పరిచాడు. నాన్నను పిలవమన్నాడు.

నాన్న వచ్చి చూశాడు. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలిపాడు. “బాగా పాతబడింది” అన్నాడు.

“ఊఁ” అన్నాడు మామయ్య.

నాన్న చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు. మామయ్య పళ్లెం తీసుకెళ్లి చెత్తడబ్బాలో బోర్లించాడు.

“దాచాలి కదా, సాక్ష్యం!” అన్నాను.

“ఇదేమన్నా కోర్టా? ఆ గరాటు ఇటివ్వు.”

తర్వాత ట్యాంకు నిండా వెనిగర్ పోసి తుప్పు కరిగేదాకా ఉంచాడు. వంటసోడా నీళ్లతో పులుపు విరిచాడు. నీళ్లు నింపి ఉంచి చిల్లుకు అతుకు వేశాడు. నీళ్లున్నచోట ఆవిరికి చోటుండదు. ఆ తెలివికి ధర తన కనుబొమ అన్నాడు. నీళ్లు వంపాక మాత్రం తొందరపడాలి అని తనే చెప్పాడు. కడిగిన ఇనుము పచ్చి గాయం లాంటిది, ఖాళీగా వదిలితే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. వేడిగాలి పట్టించి ఆరబెట్టి, వెంటనే నూనె కలిపిన పెట్రోలు లోపలంతా తిప్పాడు. కొత్త గొట్టాలు వేసి, ట్యాంకుకూ పంపుకూ మధ్య గాజు గిన్నె ఉన్న ఫిల్టరు బిగించాడు, చెత్త వస్తే కంటికి కనబడేలా. పూత మందు మాట ఎత్తలేదు. ట్యాంకు అంచుదాకా నింపమన్నాడు. “సగం నింపితే మిగతా సగంలో గాలి చేరి చెమట పడుతుంది. ఆ చెమటే తుప్పు.”

బండి బయల్దేరిన రోజు నాన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన మామయ్య. వెనక ముసలావిడ, కూతురు, ఓ మూల పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని నేను. ముసలావిడ ఉత్సాహంగా ఉంది. ఇది ఫలానావాళ్ల ఇల్లు, ఇక్కడ ముందు గోదాము ఉండేది అని చెబుతూనే ఉంది. వంతెన రాగానే ముందుకు వంగింది.

“ఇక్కడే కదే ఆగింది! ఎండలో గొడుగైనా లేదు. మీ నాన్న ఆ కుర్రాణ్ణి ఎన్ని తిట్లు తిట్టారో. ట్యాంకు కడగడం కూడా చేతకాదా అని. వెధవ, చెత్తంతా లోపలే వదిలేశాడట.”

మామయ్య కదల్లేదు. గాజు గిన్నె బానెట్ కింద ఉంది, అది ఇక్కడినుంచి కనబడదు. అయినా అటే చూస్తున్నట్టు ముందుకే చూస్తున్నాడు. నేను నాన్న మెడ చూస్తున్నాను. ఆ మెడను చూస్తూ, ఈయన ఏమీ అనడు, ఫ్యాను బెల్టు ఇప్పుడు చేతికందదు కాబట్టి గేరు మారుస్తాడు అనుకున్నాను.

నాన్న బ్రేకు వేశాడు. ఇంజను బాగానే తిరుగుతోంది. బండి తనే ఆపాడు, వంతెన మీద, ఎత్తు మధ్యలో.

“ఆ కుర్రాడు బాగానే కడిగాడమ్మా” అన్నాడు. “తడి మీద మందు పోసింది నేను. వద్దన్నాడు. నేను వినలేదు. అయ్యగారు తిడుతుంటే నోరు మూసుకున్నాను.”



“అయ్యో. అయితే ఆ కుర్రాడు ఏమయ్యాడు?” అంది ముసలావిడ.

“ఇదుగో. ఇతనే.”

ఆవిడ వెనకనుంచి మామయ్య తలను చూసింది. “జుట్టంతా నెరిసిపోయిందే! నేనింకా కుర్రాడనే అనుకుంటున్నా” అంది. తర్వాత చెయ్యి చాపి ఆయన భుజం మీద పెట్టింది. పెట్టి ఉంచింది.

వెనక లారీ హారన్ మోగింది. మళ్లీ మోగింది.

“పోనీ బావా. ఈసారి నువ్వాపావంటారు” అన్నాడు మామయ్య.

తోట దాకా వెళ్లి వచ్చాం. బండి ఎక్కడా దగ్గలేదు.

ఆ వారమే నాన్న మామయ్యను షెడ్డుకు తిరిగి రమ్మన్నాడు. సగం భాగం ఇస్తానన్నాడు. బోర్డు మీద పేరు కూడా రాయిస్తానన్నాడు. మామయ్య రానన్నాడు. అమ్మ ఏడ్చింది. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొదటిసారి ఆయన్ను చూసి నాకు కోపం రాలేదు. కొంచెం జాలి వేసింది. ఆ జాలి నాకు నచ్చలేదు.

నేను వేరే ఊళ్లో అచ్చాఫీసులో పనికి కుదిరి, వెళ్లే ముందు మామయ్యకు చెప్పడానికి వెళ్లాను. గుమ్మం ముందు ఎవరిదో పాత కారు ట్యాంకు బొంత మీద పడుకుని ఉంది. నేను వచ్చిన పని చెప్పకుండా ముందు నా ప్రశ్న అడిగాను.

“ఆయన చెప్పేశాడు కదా. నువ్వు కోరిందే జరిగింది. మరి ఎందుకు వెళ్లవు?”

మామయ్య గొలుసుకు తీగ ముడివేస్తూ ఆలోచించాడు.

“చెప్పాడు, నేను విన్నాను, ఆ బాకీ తీరిపోయిందిరా. అది మాట బాకీ. నడుమ పోయిన ఏళ్లు మాట్లాడితే వచ్చేవి కావు కదా, వాటిని ఈ గదిలో గడిపాను. ఇప్పుడిది నా ఇల్లు. మీ నాన్నని రమ్మను, కూర్చోమను, టీ ఇస్తాను. కబుర్లు ఎన్నైనా చెప్పుకుందాం. పని దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఆయనది, నా చెయ్యి నాది.”