పేతురు కాలి మట్టెలు

ప్రసన్న పెరిగిన చర్చిలో గోడలన్నీ తెల్లగా ఉండేవి. ఒక్క సిలువ తప్ప మరే బొమ్మా కనిపించేది కాదు. బొమ్మకు మొక్కడం పాపమని నమ్మిన కుటుంబం వాళ్లది. అలాంటి మనిషి ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, మడికొండ నుంచి రోజూ బస్సెక్కి వెళ్లి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతూనే, క్రైస్తవ చిత్రాల మీద పీహెచ్‌డీకి కూర్చుంది. మరియమ్మకు నీలిరంగు ఎందుకు వేస్తారో, ఏ పునీతుడి చేతిలో ఏ వస్తువు ఉంటుందో పరీక్షకు చదివినట్టు చదివింది.

వర్ధన్నపేట దాటాక ఒక పల్లెలో పాత కేథలిక్ గుడి ఉంది. పీఠం పక్క గోడ నిండా ఒకటే బొమ్మ. ఏసు నేల మీద వంగి శిష్యుడైన పేతురు పాదాలు కడుగుతున్నాడు. ప్రసన్న మొదటిసారి వెళ్లి ఫొటోలు తీసుకుని, గుడి రిజిస్టరు చూసి వచ్చేసింది. అందులో ఫాదర్ల పేర్లున్నాయి, దాతల పేర్లున్నాయి. బొమ్మ గురించి మాత్రం ఒక్క ముక్కే: గోడకు రంగులు వేయించడమైనది.

ఆమె గైడ్ యమున మేడం అది చదివి కళ్లజోడు తీసింది.

"వేయించినోళ్లు దొరికిన్రు. మరి వేసినోళ్లేరీ? చరిత్రంటే రిజిస్టర్ల ఉన్నోళ్లదేనా ప్రసన్నా? మళ్ల పో. ముందుగాల జర మనుషులతోటి మాట్లాడు."

మళ్లీ వెళ్లింది. ఆమె బొమ్మ ముందు నిలబడి ఉంటే, గుడి ఊడుస్తున్న హన్నా వచ్చి పక్కన నిలబడింది. డెబ్బై దాటిన మనిషి.

"ఏం జూత్తానవ్ బిడ్డా?"

"పేతురు మొఖం అవ్వా."

"మొఖం ఇడిసిపెట్టు. కాళ్లు జూడు."

ప్రసన్న వంగి చూసింది. గడ్డం, నుదుటి మీద ముడతలు అన్నీ పుస్తకాల్లో ఉన్నట్టే ఉన్నాయి. పాదాలు మాత్రం చిన్నవి. మడమలు పగిలి, గోళ్ల సందుల్లో మట్టి ఉంది. రంగు రాలిన చోట రెండో వేలికి సన్నని వెండి చుట్టు కనిపించింది.

మట్టెలు. పేతురు కాలికి మట్టెలు!

"గవి మా అమ్మ కాళ్లు," అంది హన్నా. "బొమ్మలేసే రామలింగం కాళ్లు సరిగ కుదురుతలెవ్వని, ఎవలన్న ముందట కూసోండ్రి అని అడిగిండు. మొగోళ్లు ఒక్కలు రాలే. ప్రభువు మన కాళ్లు పట్టుకునుడేందని భయపడ్డరు. మా అమ్మ సమ్మమ్మ నాటేసి వస్తాంది. 'నేను కూసుంట, గియ్యి' అన్నది. మూడు పొద్దులు కూసున్నది. అప్పుడు నాకు పదేండ్లు, పక్కనే ఉన్న."

"మరి మట్టెలు?"

"కండ్లకు కనవడ్డట్టే ఏసిండు. ఫాదర్ జూసి తుడిపెయ్యమంటే పైన రంగు పూసిండు. ఇగో, గా రంగే ఇప్పుడు రాల్తాంది."

ప్రసన్నకు బైబిలు కథ గుర్తొచ్చింది. అందులో పేతురు కూడా మొదట తన కాళ్లు కడగొద్దన్నవాడే. ఆ ఊరి మగవాళ్లు తెలియకుండానే పేతురు మాటే అన్నారు. సరేనని కూర్చున్నది మాత్రం ఒక కూలి మనిషి. అరవై ఏళ్లకు పైగా ఊరంతా ఆ పాదాల ఎదుట మోకరిస్తోంది. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాలన్న సంగతే ఆమెకు తోచలేదు. చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అదే ఊళ్లో కట్టయ్య అనే ఆయన్ని అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. "మట్టెలు గావు, గోడ పెచ్చులు. రామలింగం తన కాళ్లే జూసి గీసిండు," అన్నాడు.

ప్రసన్న తికమకపడి మేడంను అడిగింది. "రెండూ రాయి. ఎవలు ఎట్ల యాది పెట్టుకున్నరో అది గూడ చరిత్రే," అంది యమున మేడం. ప్రసన్న రెండూ రాసింది. నిరుడు డాక్టరేటు వచ్చింది.

అచ్చయిన థీసిస్ ప్రతి తీసుకెళ్లి, గుడి మెట్ల మీద కూర్చుని హన్నాకు ఆ పేజీ చదివి వినిపించింది.

"కట్టయ్య మాట గూడ రాసినవా? మంచిదే," అని నవ్వింది హన్నా. "పాపం, అప్పుడు ఆయినె మూడేండ్ల పోరడు."

తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. "మా అమ్మ పేరు యాడున్నది?"

ప్రసన్న చూపించింది. చదువురాని హన్నా ఆ మూడక్షరాల మీద వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.