కార్డు అడిగితే కాఫీ

నిడదవోలు స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న ఆవిడది ఫిలిప్పీన్స్. దుబాయ్‌లో పరిచయమైన మనవైపు అబ్బాయిని చేసుకుని, చాలా ఏళ్లుగా రామచంద్రపురంలో కాపురం ఉంటోందట. అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకుందేమో, ప్రతి మాటకీ "అండి" తగిలిస్తోంది. నేను పత్రికలో పనిచేస్తానని తెలియగానే వాళ్ల ఊరి లైబ్రరీ మీద విరుచుకుపడింది.

"కార్డు అడిగితే కాఫీ తెప్పిస్తారండి. ఫ్యాను కింద కుర్చీ వేస్తారు. మీరు మా అతిథి, మీకు కార్డెందుకండీ అంటారు. పుస్తకం ఇంటికి ఇమ్మంటే మాత్రం, కార్డు లేదు కదండీ అంటారు!"

"ఏ పుస్తకం కావాలమ్మా?"

"పిల్లల కథలండి. కూడబలుక్కుని చదవగలను. మా పాప బళ్లో చదివిన కథలో మాట ఒక్కటి అంటే చాలు, వాళ్ల నాయనమ్మ పడీపడీ నవ్వుతుంది. ఆ కథ తెలియక నేను ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంటాను. నాకూ నవ్వాలని ఉండదాండి?"

"పోనీ, పేపర్లో రాయమంటారా?"

"వద్దండీ బాబూ! ఈసారి శాలువా కప్పి ఫొటో తీస్తారు."

ఇంతలో రైలొచ్చింది. పెట్టె ఎక్కడానికి అందరం వరుస కట్టాం. "ముందు మీరు ఎక్కండమ్మా, అంత దూరం నుంచి వచ్చారు" అంటూ పక్కకు తప్పుకున్నాను.

ఆవిడ నావంక విసుగ్గా చూసి, వెళ్లి వరుస చివర నిలబడింది.